చూపుడు వేలి తూకం

ముప్పై ఏళ్లుగా ఇదే మాట చెబుతూ వచ్చాను,
ఇనారి సరస్సు ఒడ్డున నా కొలిమి షెడ్డుకి
వేటకత్తి కోసం ఎవరొచ్చినా.
"చూపుడు వేలి మీద నిలబెట్టి చూడు.
అటు మొన వైపు వాలకూడదు, ఇటు పిడి వైపు ఒరగకూడదు.
నిలిచిందా, ఇక అది నీదే."

రిస్తెన్ చేతి తొడుగు తీసింది.
చూపుడు వేలు ఉండాల్సిన చోట
నున్నగా, గులాబి రంగులో, కొత్త చర్మం.

నా మాట సగంలో ఆగింది.

కిందటి డిసెంబరులో మందను విడదీస్తూ
తాడు విసిరిందట.
మగ రెయిన్‌డీర్ ఒకటి ఎదురు తిరిగి గుంజింది
("మంచి జంతువే, దాని తప్పేం లేదు").
తాడు మెలికలో వేలు ఉండిపోయింది.
"మంచులో కాసేపు వెతికాం.
కుక్క మాకంటే ముందే వెతికినట్టుంది," అని నవ్వింది.
నవ్వొచ్చో లేదో తెలియక
నేను బొగ్గులు ఎగదోశాను.

గుడ్డలో చుట్టి తెచ్చిన కత్తి విప్పింది.
వాళ్ల నాన్న హెయికాది. మా నాన్న కొట్టిందే.
పిడి మీద చిన్న గుంట:
మొదట ఆయన వేలు, తర్వాత ఈమె వేలు
నలభై చలికాలాలు ఆని ఆని తొలిచింది.
"ఇందులో ఇప్పుడు గాలి తప్ప ఏదీ ఆనదు," అంది.
"పట్టు జారుతోంది. కొత్తది కావాలి. పెద్దదే కావాలి."

బల్ల మీద ఆరు పరిచాను.
మొదటిది నా గర్వం, జానెడు అలుగు,
సుడులు తిరిగిన బర్చ్ కర్ర పిడి.
"అందంగా ఉంది," అని పక్కన పెట్టింది.
వద్దనడానికి అంతకంటే మర్యాదైన మాట లేదు.

రెండోది ముందుకు బరువు.
"కొమ్మలు నరకడానికి సరే.
మూస్ పొట్ట కోసేటప్పుడు
మొన ఎక్కడుందో నా చేయి చూడాలి కదా, నా కన్ను కాదు."

ఇత్తడి అడ్డుపట్టీ ఉన్నదాన్ని ముట్టుకోలేదు.
"హెల్సింకీ వాళ్ల కోసం," ఒప్పుకున్నాను.

మిగతావాటికి అరచేతికి కొవ్వు పూసుకుంది.
ఒక్కోటీ పట్టుకుని బయటి చలిలోకి వెళ్లింది,
కళ్లు మూసుకుని, గాలిలో
లేని జంతువును ఓపిగ్గా కోసింది.
ఒక్కోటీ తెచ్చి తుడిచి పెట్టింది.
ఆరూ అయిపోయాయి.

వెళ్లబోతూ పొయ్యి పక్కన చూసింది,
చితుకులు చీల్చడానికి నేను వాడుకునేదాన్ని.
తప్పుగా వచ్చిన కత్తి అది: పిడిలోకి దిగే తోకలో
ఇనుము ఎక్కువ మిగిలిపోయింది, పొట్ట దగ్గర పిడి లావు,
బరువంతా వెనక్కి.
"అది కాదు," అన్నాను.

మధ్య వేలి మీద పెట్టింది.
నిలిచింది.

ఊపిరి బిగబట్టి చూశాం ఇద్దరం.
పొయ్యి మీద కెటిల్ ఒక్కటే మూలిగింది.

సగం ధర చాలన్నాను. కోపం వచ్చిందామెకి.
"తప్పు నీకు. నాకు కాదు. మొత్తం తీసుకో."

తలుపు దగ్గర ఆమె మేనకోడలు ఐలి, పదేళ్లుంటాయేమో,
అందుకుని ముఖం చిట్లించింది:
"వెనక్కి లాగుతోంది, అత్తా."
"నీకు అన్ని వేళ్లూ ఉన్నాయి మరి," అంది రిస్తెన్,
దాన్ని ఒరలోకి దించుతూ, ఏ బాధా లేకుండా,
ఇంకాస్త గర్వంగానే.

పాత కత్తి బల్ల మీదే ఉండిపోయింది.
మరిచిందో, వదిలిందో.
అక్టోబరులో వార్తాపత్రికలో చుట్టిన మూస్ నాలుక పంపింది.
కత్తి ఊసు లేదు.

నేను దానికి పదును పెట్టలేదు.
రాత్రిపూట చేతిలోకి తీసుకుంటే
నా చూపుడు వేలు తనంతట తాను
ఆ గుంటలోకి వెళ్లి కూర్చుంటుంది.
వెంటనే తీసేస్తాను,
పొరపాటున ఎవరి కుర్చీలోనో కూర్చున్నట్టు.